కుడివైపు పైపు

తోడికోడళ్ళ పోరు వంటింట్లో పుడుతుందని లోకం నమ్మకం. ఈ ఇంట్లో మాత్రం వంటింటికి ఏ గొడవా లేదు. ముందు లేచిన మనిషి టీ పెట్టేది, ఆకలేసిన మనిషి పొయ్యి వెలిగించేది, గిన్నెలు ఎవరు తోమాలన్న దాని మీద ఏనాడూ మాట పెరగలేదు. పోరంతా ఇంటి ముందున్న షెడ్డులో, వెల్డింగు బల్లల దగ్గర.

షెడ్డు మామగారిది. రేకుల కప్పు, రోడ్డువైపు షట్టరు, గోడకు వరసగా వేలాడే క్లాంపులు, మూలన గొలుసుతో కట్టేసిన గ్యాసు సిలిండర్లు. ఇనుప బల్లలు రెండే. గోడవారన ఉన్నది చిన్న బల్ల, కిటికీ కింద ఉన్నది పెద్ద బల్ల. పెద్ద బల్ల మీద ఒకప్పుడు ఆయనే పనిచేసేవాడు. చూపు మందగించాక అది పెద్దకోడలి చేతికి వచ్చింది. అప్పటినుంచి షెడ్డులో అందరూ ఆయన్ని పెద్దాయన అనడం, ఆయన షట్టరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలయ్యాయి.

పెళ్ళయి వచ్చిన కొత్తలో పెద్దకోడలికి షెడ్డుతో ఉన్న సంబంధం క్యారియరు వరకే. మధ్యాహ్నం తెచ్చిపెట్టి, ఖాళీది తీసుకుపోయేది. ఒకరోజు పెద్దాయన పాలడెయిరీ వాళ్ళ పైపు అతుకుతూ, పట్టుకునే మనిషి లేక, "అమ్మాయ్, కళ్ళు గట్టిగా మూసుకుని ఇది కదలకుండా పట్టుకో" అన్నాడు. పట్టుకుంది. పని అయ్యేసరికి క్యారియరులో అన్నం చల్లారిపోయింది. ఆమె చెయ్యి మాత్రం పెట్టినచోటే ఉంది. పెద్దాయన హెల్మెట్ ఎత్తి ఆ చేతివంక చూశాడు, మనిషివంక కాదు. మర్నాడు వెల్డింగు టార్చి చేతికిచ్చాడు.

అలా మొదలైన మనిషి పాలడెయిరీ పైపులు, ఆసుపత్రి సింకులు, హోటళ్ళ బల్లలు అతుకుతూ నడివయసుకు వచ్చింది. స్టెయిన్‌లెస్ స్టీలు పైపు అతకడంలో ఒక కిటుకుంది. పైన మంట పెడితే లోపలి అంచు కూడా కరుగుతుంది. కరిగిన స్టీలుకు గాలి తగలకూడదు. తగిలిందా, మాడిన గిన్నె అడుగులా నల్లగా పొక్కిపోతుంది. అందుకని పైన టార్చిలోంచి ఆర్గాన్ గ్యాసు వచ్చినట్టే, పైపు రెండు కొసలూ మూసి, సన్నటి గొట్టంతో లోపలికి కూడా గ్యాసు పంపాలి. "పైన ఎవడైనా అతుకుతాడు. లోపల అతికినవాడే పనివాడు" అనేవాడు పెద్దాయన. లోపల పొక్కుల గరుకు ఉంటే పాలు అక్కడ నిలిచి విరుగుతాయి.

మొదట్లో ఆమె అతికిన ప్రతి పైపులోనూ ఆయన వేలు పెట్టి తడిమేవాడు. పోను పోను మానేశాడు. పైన బొటనవేలితో ఓసారి రాసి, "ఊఁ" అని పక్కన పెట్టేవాడు. చూపుతోపాటు ఓపికా తగ్గిందనుకుంది ఆమె.

ఆ "ఊఁ"తోనే ఇన్నేళ్ళూ గడిచాయి. ఆ నోట్లోంచి అంతకంటే పెద్ద మాట రాదని, దేవుడు ఆ నోటిని అంతవరకే చేసి వదిలేశాడని సరిపెట్టుకుంది. మొగుడితో అంటే, "మా నాన్న నన్ను ఆ ఊఁ కూడా అనలేదు. నువ్వు పెట్టిపుట్టావు" అని నవ్వేవాడు. మొగుడిది స్టీలు కొనుక్కొచ్చి కోసే పని. ఏదీ మనసుకు పట్టించుకునే అలవాటు లేని మనిషి.

అప్పుడు చిన్నకోడలు వచ్చింది.

అత్తారింటికి వస్తూ పెట్టెలో బట్టల కింద సొంత హెల్మెట్ తెచ్చుకున్న పిల్ల. ట్రైనింగ్ సెంటర్లో నేర్చుకుని, ట్యాంకులు చేసే ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చింది. షెడ్డులోకి అడుగుపెట్టిన మొదటి రోజు చిన్న బల్ల మీద ఓ మెట్ల రెయిలింగు మూల అతికింది. పెద్దాయన దాని మీద బొటనవేలు రాశాడు. చివర తిప్పి లోపల వేలు పెట్టాడు. తర్వాత స్పష్టంగా, షట్టరు అవతల నడిచే వాళ్ళకు కూడా వినబడేలా, "బాగుంది" అన్నాడు.

పెద్ద బల్ల దగ్గర పెద్దకోడలి చేతిలో, అతుకులోకి కరిగించే కడ్డీ ఆగింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. ఆ సామెత ఎవరో కడుపు మండిన మనిషే కట్టి ఉంటారని ఆమెకు ఆరోజు అర్థమైంది.

ఆరోజునుంచి చిన్నకోడలు ఏం చేసినా ఆమెకు కంట్లో నలుసే. చిన్నకోడలు టార్చి కొసకు పింగాణీ కప్పు బదులు వెడల్పాటి గాజు కప్పు పెట్టుకునేది. "అదేమిటే, టార్చికి గ్లాసు బోర్లించావు?" అంది పెద్దకోడలు. "దీంతో గ్యాసు ఎక్కువ మేర కప్పుతుందక్కా, రంగు బాగా వస్తుంది" అంది ఆ పిల్ల. లోపలికి పంపే గ్యాసు కోసం చిన్నకోడలు విడిగా బుడ్డ సిలిండరు పెట్టుకుంది. "ఒక్క సిలిండరుకే రెండు గొట్టాలు తగిలించి ఇన్నేళ్ళు చేశాం. మాకు గ్యాసు అందలేదా, నీకు ఆయాసమా?" అంది పెద్దకోడలు. చిన్నకోడలు నవ్వి ఊరుకుంది. ఊరుకోవడం మరీ మండించింది. ఎదురు చెప్పే తోడికోడల్ని ఏదో ఒకటి అనొచ్చు. నవ్వి ఊరుకునేదాన్ని ఏమనాలి?

అన్నిటికంటే ఆ రంగు. చిన్నకోడలి అతుకులు సన్నగా, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి, లేత బంగారు రంగులో ఉండేవి. పెద్దకోడలివీ అంత సమంగానే ఉండేవి కానీ నీలంలోంచి బూడిద రంగుకు దిగేవి. పాలడెయిరీ వాళ్ళు ఎప్పుడూ రంగు అడగలేదు. షెడ్డుకు వచ్చేవాళ్ళు మాత్రం ఇప్పుడు ఫోను తీసి చిన్న బల్ల మీద పనికే ఫోటోలు తీసుకుంటున్నారు. పెద్దకోడలు పక్కన ఉంటే, "అక్కా, కాస్త నీడ పడుతోంది" అంటున్నారు.

ఒకరోజు గడ్డం వచ్చాడు. రోడ్డు మలుపులో పాత మోటారు సైకిళ్ళు బాగుచేసే మెకానిక్కు. ఛాతీ దాకా ఉన్న గడ్డమే అతనికి పేరూ చిరునామా. ఒక బండిని ట్రాలీ మీద తోసుకొచ్చి షెడ్డు మధ్యలో నిలబెట్టాడు. రెండు సిలిండర్ల ఇంజను, దాని ముందు పొగ బయటికి పోయే రెండు ఖాళీ కంతలు.

"ఇటొక పైపు, అటొక పైపు. ఇంజను కింద రెండూ కలవాలి. అక్కణ్ణించి వెనకాల సైలెన్సరులోకి పోవాలి. అన్నీ స్టెయిన్‌లెస్సే" అన్నాడు. "ఒక్కటే మాట. పైపు వంచొద్దు. వంపు తిరిగే చోట ముక్కలుగా కోసి అతకండి. ప్రతి అతుకూ కనబడాలి."

"అతుకు కనబడకుండా చెయ్యమనేవాళ్ళని చూశాం గానీ..." అంది పెద్దకోడలు.

"ఇప్పుడిదే షోకు అక్కా. మొన్న చిన్నక్క చేసిన రెయిలింగు చూశాను, ఆ రంగు రావాలి. బూడిదగా మాత్రం వద్దు."

"బండి నాలుగు నెలలు తిరిగితే వేడికి ఏ రంగైనా మారుతుంది. అతుకు నిలుస్తుందా అని అడుగు."

"అది అడగాలా? మీ షెడ్డు కదా!"

పెద్దకోడలు టార్చి గొట్టం చుట్టుకుంటూ, "పైన పటారం, లోన లొటారం. అంత రంగు కావాలంటే పెయింటు డబ్బా కొనుక్కోవచ్చు" అని గొణిగింది. గొణుగుడు అన్న పేరే గాని అందరికీ వినబడింది. రంపం దగ్గర ఉన్న మొగుడు, "నీకు రంగు రాదని మాట తిప్పుతున్నావా ఏంటి?" అన్నాడు. సరదాకే అన్నాడు. అయినా ఎక్కడ కాలిందో అక్కడే పడింది.

పెద్దాయన కుర్చీలో కదిలాడు. "కుడివైపు పైపు పెద్దమ్మాయి చేస్తుంది. ఎడమది చిన్నమ్మాయి. రెండూ అయ్యాక నేను చూసి, కలిసే చోటు ఎవరు అతకాలో చెప్తా. అది అతికేవాళ్ళదే ఇకమీద బండ్ల పని. బండ్ల పనికి వెలుతురు కావాలి, పెద్ద బల్ల కూడా వాళ్ళదే."

ఆయన వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. పెద్దకోడలి చెయ్యి మాత్రం పెద్ద బల్ల మీదికి పోయింది. కిటికీ కిందున్న ఆ బల్ల అంచు ఎక్కడ అరిగిందో, ఏ మూల క్లాంపు జారుతుందో చీకట్లో అయినా చెప్పగలదు. గుమ్మం తెలిసినట్టు తెలుసు.

మొగుడు ముక్కలు కోసి ఇచ్చాడు. ఒకవైపు సన్నం, ఒకవైపు వెడల్పు ఉన్న ఉంగరాల్లాంటి ముక్కలు. వాటిని పేర్చి, కదలకుండా అక్కడక్కడ అతుకు చుక్కలు పెడితే పైపు వంపు తిరుగుతుంది. తర్వాత ఒక్కొక్క అతుకూ చుట్టూ తిప్పుతూ అతకాలి. పెద్దకోడలు పైపు కొసలు మూసింది, లోపలి గొట్టం దూర్చింది, పైకొసన వదిలిన చిన్న కంత దగ్గర అగ్గిపుల్ల వెలిగించి పెట్టింది. పుల్ల ఆరిపోయింది. అంటే లోపలున్న గాలంతా పోయి గ్యాసు నిండిందన్నమాట. ఏళ్ళ తరబడి చేస్తున్న పద్ధతి.

మొదటి అతుకు వేసింది. సమంగా వచ్చింది, దారం పెట్టి కొలిచినట్టు. రంగు నీలం. రెండోది వేసింది. చివర్లో బూడిద.

హెల్మెట్ ఎత్తి చిన్న బల్ల వైపు చూసింది. ఎడమవైపు పైపు అక్కడ క్లాంపులో ఉంది. అతుకు తర్వాత అతుకు, అన్నీ బంగారమే. చిన్నకోడలు ఒంగి, భుజం కదపకుండా, మణికట్టు ఒక్కటే తిప్పుతూ పనిచేస్తోంది. ఎంత మండుతున్నా ఒక సంగతి పెద్దకోడలికి తెలియకుండా ఉండదు. ఆ చెయ్యి మంచి చెయ్యి. అదే అసలు బాధ. అది పని రానిదైతే ప్రాణానికి ఎంత సుఖంగా ఉండేది!

మధ్యాహ్నం చిన్నకోడలు భోజనానికి ఇంట్లోకి వెళ్ళింది. పెద్దకోడలి మొగుడు కూడా వెళ్ళాడు. పెద్దాయన కుర్చీలో కునుకు తీస్తున్నాడు. "నువ్వు రావా?" అని లోపలినుంచి పిలుపు వచ్చింది. "ఇది చల్లారితే వస్తా" అంది. అక్కడ చల్లారవలసింది ఏమీ లేదు, ఆమె తప్ప.

చిన్న బల్ల దగ్గరికి వెళ్ళింది. గాజు కప్పు టార్చికే ఉంది. చేత్తో ముట్టుకుంటే వేలిముద్ర పడుతుందేమోనని కొంగుతో పట్టుకుని తిప్పి ఊడదీసింది. ఇన్నేళ్ళలో ఎవరి సామానూ అడక్కుండా ముట్టని మనిషి, పక్కింట్లో పూలు కోసినట్టు అటూఇటూ చూస్తూ తన బల్లకు తెచ్చుకుంది.

అంత వెడల్పు కప్పుకు గ్యాసు ఎక్కువ కావాలి. టార్చి వైపు గొట్టం వాల్వు పూర్తిగా తిప్పింది. మూడో అతుకు మొదలుపెట్టింది.

బంగారం.

ఎంత సేపటికీ నమ్మకం కుదరక హెల్మెట్ ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి చూసుకుంది. నాలుగోదీ బంగారమే. చెయ్యి తనది, కన్ను తనది, నడకా తనదే. తేడా అంతా ఆ గాజు ముక్కదా? ఈ మాత్రానికా అది 'బాగుంది' కొట్టేసింది? అతుకు తర్వాత అతుకు వేసుకుంటూ పోయింది. కళ్ళు రంగు మీదే ఉన్నాయి. పక్కకు పోలేదు.

పోవలసింది. సిలిండరు ఒకటే, గొట్టాలు రెండు. ఒకే చెంబులో నీళ్ళు ఇద్దరికి పోస్తున్నప్పుడు ఒకరి గ్లాసు నింపితే రెండోవాళ్ళకు అడుగే. టార్చి ఆ వెడల్పు కప్పు నిండా గ్యాసు పీల్చుకుంటుంటే, పైపు లోపలికి పోయే గొట్టం ఎప్పుడో పలచబడింది. కంత దగ్గర ఇంకోసారి అగ్గిపుల్ల పెట్టి ఉంటే అది నిక్షేపంగా వెలుగుతూనే ఉండేది. పని నేర్చుకునేవాళ్ళకు 'ప్రతి అతుక్కీ పుల్ల పెట్టు' అని చెప్పే మనిషి, ఆ మధ్యాహ్నం పుల్ల మాటే మరిచిపోయింది.

చిన్నకోడలు తిరిగి వచ్చేసరికి గాజు కప్పు దాని చోట అది ఉంది. ఆ పిల్ల టార్చి చేతిలోకి తీసుకుని, కప్పు వంక ఓ క్షణం చూసి, పైట కొసతో తుడిచి, ఏమీ అనకుండా పనిలో పడింది.

సాయంత్రానికి రెండు పైపులూ పెద్దాయన ఒళ్ళోకి వచ్చాయి. ముందు ఎడమది. పైన బొటనవేలు, తర్వాత లోపల అందినంత మేర చూపుడువేలు. "బాగుంది." పక్కన పెట్టాడు. తర్వాత కుడిది. బొటనవేలు మొదటి అతుకు నుంచి చివరి అతుకు దాకా మెల్లగా నడిచింది. చూపు అంతంత మాత్రమే అయినా ఆ మెరుపు ఆయనకూ ఆనినట్టుంది, కిటికీ వెలుగుకు తిప్పి చూశాడు.

"ఇది చాలా బాగుంది" అన్నాడు. "కలిసే చోటు పెద్దమ్మాయే అతుకుతుంది. చిన్నమ్మాయ్, నువ్వు పొడి దులిపి, ముక్కలు కుదిర్చి పెట్టు."

ఆ మాట కోసం ఇన్నేళ్ళు కాచుకున్న మనిషి, అది చెవిన పడగానే చేసిన మొదటి పని చిన్నకోడలి మొహం చూడడం. ఆ మొహం మామూలుగానే ఉంది. పాలు పొంగినా విరిగినా ఒకేలా ఉండే మొహం. దాంతో సంతోషం సగమే అయింది.

మర్నాడు పొద్దున్నే గడ్డం వచ్చి బండి పక్కన తచ్చాడుతున్నాడు. కుడివైపు పైపు చూసి, "అబ్బో, పెద్దక్కా! నువ్వూ నేర్చేశావే!" అన్నాడు. పెద్దకోడలికి ఆ 'నేర్చేశావే' గుచ్చుకున్నా పైకి నవ్వింది. పెద్ద బల్ల మీద గుడ్డ పరిచి, కలిసే చోటు అతకడానికి కడ్డీ ముక్కలు పక్కన పెట్టుకుంటోంది.

చిన్న బల్ల దగ్గర చిన్నకోడలు పైపుల లోపలి రంపపు పొడి దులుపుతోంది. ఫోను లైటు వేసి ఎడమదాన్లోకి చూసింది. తర్వాత కుడిదాన్లోకి. అక్కడ లైటు ఆగింది. పైపు ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. లైటు ఆర్పేసింది.

"మామయ్యా," అంది. గొంతు మామూలుగానే ఉంది. "కలిసే చోటు ముక్క నేనే కొలత తప్పి కోశాను. కుదరడం లేదు. మళ్ళీ చెయ్యాలి. ఈరోజుకి బిగించలేం."

"అయ్యో, పోన్లే అమ్మా. కొలత ఎవరైనా తప్పుతారు" అన్నాడు పెద్దాయన. ఎంత మెత్తగా అన్నాడంటే, పెద్దకోడలు చేతిలోని కడ్డీలు బల్ల మీద పెట్టేసింది. తాను కొత్తలో కొలత తప్పినప్పుడు, "స్టీలు నీ పుట్టింటినుంచి వస్తోందా?" అన్న మనిషి ఈయనే.

గడ్డం ఉసూరుమన్నాడు. పెద్దకోడలు చిన్న బల్ల దగ్గరికి నడిచింది. ఆ ముక్క తీసి రెండు పైపుల కొసలకూ పెట్టింది. గీత గీసినట్టు కుదిరింది. చిన్నకోడలి వంక చూసింది. ఆ పిల్ల కళ్ళు దించుకుంది. అప్పుడు పెద్దకోడలు ఫోను అందుకుని, లైటు వేసి, తన పైపులోకి చూసింది.

మొదటి రెండు అతుకులూ వెండిలా ఉన్నాయి. ఆ తర్వాత అంతా మాడిన అడుగు. నల్లటి పొక్కులు, ముళ్ళు, రాలడానికి సిద్ధంగా ఉన్న బొగ్గు. బండి అదురుకు నెల తిరక్కుండా ఆ అంచు వెంబడే చీలుతుంది.

"నిన్న గాజు కప్పుతో చేశారా అక్కా?" అంది చిన్నకోడలు గొంతు తగ్గించి. "అది గ్యాసు బాగా తాగుతుంది. అందుకే నేను లోపలికి వేరే సిలిండరు పెట్టుకునేది. నాకు చెప్తే ఇచ్చేదాన్నిగా."

పెద్దకోడలు లైటు ఆర్పింది.

"గడ్డాన్ని పంపించేద్దాం. కోసి, మళ్ళీ మీరే అతకండి. నేను ఎవరితోనూ అనను."

ఇది ఆ పిల్ల మంచితనమే. పెద్దకోడలికి అందులో అనుమానం లేదు, అదే భరించలేకపోయింది. పనిలో తనకంటే పైన అన్నారు, సరే. రంగులో పైన అన్నారు, సరే. ఇప్పుడు గుణంలో కూడా పైనేనా? ఇకమీద పెద్దాయన ఎప్పుడు ఆ 'చాలా బాగుంది' తల్చుకున్నా, అది ఈ పిల్ల పెట్టిన భిక్షే. పెద్ద బల్ల దగ్గర నిలబడ్డ ప్రతి పూటా ఈ కళ్ళు ఇలాగే దిగుతాయి, జాలిగా.

"నాకు నువ్వు కప్పిపెడతావా?" అంది.

"కప్పిపెట్టడం కాదక్కా..."

పెద్దకోడలు పైపు తీసుకుని రంపం దగ్గరికి నడిచింది. "లేవండి" అంది మొగుడితో. "ఏంటి, ఏం చేస్తున్నావ్?" అని ఆయన అంటూ ఉండగానే స్విచ్చి నొక్కింది. పళ్ళ చక్రం అరుస్తూ ఆ బంగారు అతుకుల మధ్యలోంచి దిగింది. గడ్డం "అక్కా! అక్కా!" అని పరిగెత్తుకొచ్చాడు, తన చెయ్యే కోస్తున్నట్టు. పైపు రెండు ముక్కలైంది. ఒక ముక్కను నిలువునా చీల్చింది. వేడి తగ్గకముందే గుడ్డలో పట్టుకుని పెద్దాయన చేతిలో పెట్టింది.

ఆయన వేలు లోపల తగలగానే ఆగిపోయింది. గరుకు మీద ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది.

"ఇదెవరిది?"

"నాదే."

"నీదా?"

"నాదే మామయ్యా. నిన్నటిది. ఆ కొలత కూడా తప్పలేదు. ముక్క సరిగ్గానే ఉంది. నన్ను కాయడానికి అబద్ధం చెప్పింది."

పెద్దాయన ఆ ముక్కను ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ మళ్ళీ వేలు రాస్తూ, "నీదా..." అన్నాడు, ఈసారి ఎవరినీ అడగకుండా. పైన పటారం అన్న మాట ఎవరూ అనలేదు. అనవలసిన అవసరం కూడా లేదు, అది ఆమె చెవుల్లోనే మోగుతోంది.

గడ్డాన్ని రేపు రమ్మని పంపించారు. ముక్కలు కొత్తగా కోసి చుక్కలు పెట్టడానికి ఇద్దరు కావాలి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు చుక్క పెట్టాలి. తోడికోడళ్ళిద్దరూ పెద్ద బల్లకు చెరో వైపు నిలబడ్డారు. చిన్నకోడలు ముక్కలు పేరుస్తోంది గాని తల ఎత్తడం లేదు. చివరికి దాని మొహంలో మొదటిసారి రంగు మారింది. ఎర్రబడింది.

"అందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని చేశారు" అంది.

"నిన్ను చెప్పమన్నానా?"

"మీకు ఎంత గట్టి పట్టు ఉందో తెలుసక్కా ఇక్కడ. అది పోతుందేమోనని చెప్పాను."

"నా పట్టా?" పెద్దకోడలు నవ్వింది, ముక్కుతో. "వచ్చిన రోజే 'బాగుంది' అనిపించుకున్నదానివి. నేను తల నెరిసేదాకా ఊఁ తోనే సరి."

చిన్నకోడలు చేతిలో ముక్క బల్ల మీద పెట్టేసింది. "బాగుందా? అది మెచ్చుకోలు అనుకుంటున్నారా? పలక మీద అక్షరాలు దిద్దే పిల్లకి అంటారు, బాగుంది అని. నేను ఏది ఇచ్చినా లోపల వేలు పెట్టిగాని ఆ మాట అనరు మామయ్య. రెయిలింగు మూల దగ్గర్నుంచి నిన్నటి పైపు దాకా, ఒక్కటీ వదల్లేదు. మీది ఎప్పుడైనా లోపల తడిమారా? నేను వచ్చాక ఒక్కసారి కూడా చూడలేదు. పైన రాసి, ఊఁ అని పెట్టేస్తారు. నిన్న కూడా లోపల వేలు పెట్టలేదు, పెట్టి ఉంటే అప్పుడే దొరికేది. ఆ ఊఁ నాకు ఎప్పుడు వస్తుందా అని ఎంత ఏడ్చానో మీకేం తెలుసు?"

ఆ పిల్ల కూడా ఏడుస్తుందని, అదీ తనను చూసి ఏడుస్తుందని, ఇన్నాళ్ళూ పెద్దకోడలి ఊహకు అందలేదు. అంది ఉంటే ఎంత హాయిగా ఉండేది! నవ్వొచ్చినట్టయి, రాకుండా ఆగిపోయింది. ఆయన వేలు పెట్టడం మానేసింది ఓపిక లేక కాదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసి ఏం లాభం?

"పట్టుకో" అంది. "చుక్క పెడతా."

ఈసారి పింగాణీ కప్పే పెట్టుకుంది. ప్రతి అతుక్కీ ముందు కంత దగ్గర పుల్ల వెలిగించింది. నీలంగా, అక్కడక్కడ బూడిదగా, దారం పెట్టినట్టు అతుకులు వచ్చాయి. అయ్యాక కొసలు విప్పి, లైటు వేసి తాను చూసుకుంది. వెండి. తీసుకెళ్ళి పెద్దాయన ఒళ్ళో పెట్టింది.

బొటనవేలు మొదటి అతుకు నుంచి చివరి అతుకు దాకా నడిచింది. చివర ఆగింది. పెద్దాయన పైపును నెమ్మదిగా తిప్పాడు. తర్వాత చూపుడువేలు లోపల పెట్టాడు.

పెద్దకోడలు అలాగే నిలబడి ఉంది. వేలు పైపులో ఎంత లోతుకు పోతే తనకు అంత లోపల తగిలింది.

"బాగుంది" అన్నాడు పెద్దాయన. నిన్న ఎడమవైపు పైపును అన్న గొంతుతోనే అన్నాడు. తర్వాత ఇటు తిరిగి, "కలిసే చోటు చిన్నమ్మాయ్, నువ్వు అతుకు" అన్నాడు.

చిన్నకోడలు పెద్దకోడలి వంక చూసింది. ఏమైనా అంటుందేమోనని కాస్త ఆగింది. పెద్దకోడలు పెద్ద బల్ల మీద తన కడ్డీలు, తన పింగాణీ కప్పు, తన అగ్గిపెట్టె తీసి పక్కన పెట్టింది. గుడ్డతో బల్ల తుడిచింది, అరిగిన అంచుతో సహా. "ఆ మూల క్లాంపు జారుతుంది. దాన్ని నమ్ముకోకు" అంది.

రెండు పైపులూ కలిసే చోట నిజంగానే ఏ క్లాంపూ సరిగ్గా ఆనలేదు. వంపు మీద వంపు, పట్టు దొరకని చోటు. చిన్నకోడలు రెండుసార్లు బిగించి చూసి, వదిలేసి, అడగలేక నిలబడింది. పెద్దకోడలు హెల్మెట్ దించుకుని, తోలు గ్లవుజులు వేసుకుని, ఎదురుగా వచ్చి పైపులు రెండూ కలిపి పట్టుకుంది.

"ఊఁ, కానీ" అంది.

నల్లటి అద్దంలోంచి ఆమెకు చిన్న నిప్పు చుక్క, దాని వెనకే గట్టిపడుతూ వస్తున్న అతుకు కనబడుతున్నాయి. పొలుసు మీద పొలుసు, లేత బంగారం. ఒక్కటి, ఒక్క పొలుసైనా బూడిదగా రావాలని మనసులో గట్టిగా కోరుకుంది. అలా రావాలంటే తను ఒక వెంట్రుకవాసి కదిలితే చాలు. ఎవరికీ తెలియదు కూడా.

అతుకు చుట్టు తిరిగి వస్తోంది. గ్లవుజులోంచి వేడి దిగుతోంది. చెయ్యి మాత్రం పెట్టినచోటే ఉంది.